ఇంగ్లీషు టెన్సులు చెప్పాలంటే 'రాలేదు' దగ్గర మొదలుపెట్టండి

మూసారాంబాగ్‌లో ఒక టైలర్ షాపు పైన అద్దె గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. పొద్దున ఆరింటికి ఒక బ్యాచ్, రాత్రి ఏడున్నరకి ఇంకొకటి. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల్లో సేల్స్ చేసే అమ్మాయిలు, క్యాబ్ నడిపేవాళ్లు, నర్సులు, నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో బీటెక్ పూర్తి చేసి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లలు, తమ పిల్లల స్కూల్లో టీచర్‌తో నాలుగు మాటలు ఇంగ్లీషులో మాట్లాడాలనుకునే అమ్మలు, ఇదీ నా క్లాసు. 2006లో మొదలుపెట్టాను.

వీళ్లలో సగం మందికి పన్నెండు టెన్సులూ నోటికి వచ్చు. సబ్జెక్ట్ ప్లస్ హ్యాజ్ ప్లస్ వీ3 అంటూ ఎక్కడా తడబడకుండా అప్పజెబుతారు. "నిన్నెందుకు రాలేదమ్మా?" అని అడిగితే మాత్రం "ఐ డిడ్ నాట్ కేమ్ మేడమ్" అంటారు.

ఇందులో నా తప్పూ ఉంది. మొదట్లో అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేశాను. గోడ మీద పన్నెండు గళ్ల టెన్సుల చార్టు, టేబుల్ మీద ఫైన్ డబ్బా. తెలుగులో మాట్లాడితే పది రూపాయలు వేయాలి. నేనూ ఆ చార్టే చెప్పాను, ఆ పది రూపాయలే వసూలు చేశాను. అక్కడ రాత పరీక్షలో ఫస్ట్ వచ్చిన అబ్బాయి ఇంటర్వ్యూలో "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని అడిగితే "మై ఫాదర్ విల్ డూ అగ్రికల్చర్" అన్నాడట. ఎదుటాయన "వెన్ విల్ హి స్టార్ట్?" అన్నాడట. వాడు బయటికొచ్చి నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఆయనెందుకు నవ్వాడు?" అని అడిగాడు. ఎందుకో అప్పటికప్పుడు నాకూ తట్టలేదు. రాత్రి అన్నం తింటుంటే తట్టింది. "మా నాన్న వ్యవసాయం చేస్తారు." చేస్తారు. రేపు చేసినా చేస్తారే, రోజూ చేసినా చేస్తారే. వాడు తెలుగులో ఆలోచించాడు. ఆ తెలుగుకే మేం ఫైన్ వేశాం.

ఆ డబ్బా ఇప్పుడు లేదు. తెలుగువాళ్లకి ఇంగ్లీషు క్రియలు చెప్పే వాళ్లెవరైనా ముందు తెలుగు క్రియని బోర్డు మీద పెట్టాలంటాను. ఎలాగో రాస్తున్నాను. మీ ఇంట్లో తమ్ముడికి చెప్పుకున్నా, బ్యాచ్‌కి చెప్పుకున్నా ఇదే పద్ధతి.

మొదటి రోజు

టెన్స్ అనే మాటే ఎత్తను. నిన్న ఏం చేశారో తెలుగులో చెప్పమంటాను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు బోర్డుకి ఎడమ వైపు రాస్తాను. వచ్చాను, తిన్నాను, చూశాను, వెళ్లాను. తర్వాత, "చేయలేదు అని చెప్పండి" అంటాను. రాలేదు, తినలేదు, చూడలేదు, వెళ్లలేదు. అవి కుడి వైపు.

అప్పుడు అడుగుతాను: "'వచ్చాలేదు' అని ఎవరైనా అంటారా?" నవ్వుతారు. "'తిన్నాలేదు'?" ఇంకా నవ్వుతారు. "ఎందుకనరు?" ఎవరూ జవాబు చెప్పలేరు. చెప్పనక్కర్లేదు, నోటికి తెలుసు. నిన్నటి సంగతి అని చెప్పే పని 'లేదు' తీసుకుంది కాబట్టి అసలు మాట ఒట్టి 'రా'గా మిగిలింది. ఇంగ్లీషులోనూ అంతే. ఆ పని 'డిడ్' తీసుకుంటుంది, 'కేమ్' మళ్లీ 'కమ్' అయిపోతుంది. ఐ కేమ్, ఐ డిడ్ నాట్ కమ్. వచ్చాను, రాలేదు.

ఇది చెప్పాక కూడా 'డిడ్ నాట్ కేమ్' అనేవాళ్లు ఉంటారు, అలవాటు అంత తొందరగా పోదు. కానీ తర్వాత నేను దిద్దాల్సిన పని ఉండదు. "వచ్చాలేదా?" అంటే చాలు, వాళ్లే దిద్దుకుంటారు.

అదే రోజు 'గో, వెంట్' భయం కూడా తీసేస్తాను. "గో ఎక్కడ, వెంట్ ఎక్కడ, పోలికే లేదు మేడమ్" అంటారు. "'రా'కీ 'వచ్చాను'కీ పోలికుందా మరి?" అంటాను. మనం చిన్నప్పటి నుంచి అంటున్నాం కాబట్టి వింతగా అనిపించదు. 'వెంట్' నిజానికి 'వెండ్' అనే వేరే క్రియది. 'గో' దాన్ని సొంతం చేసుకుంది.

ఇలాంటి వంకర క్రియల్ని ఏ నుంచి జెడ్ వరకు జాబితాగా ఇవ్వొద్దు. చెవికి ఒకేలా వినిపించేవి ఒక గుంపుగా ఇవ్వండి. సింగ్, స్యాంగ్, సంగ్. రింగ్, ర్యాంగ్, రంగ్. డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్. బ్రింగ్, బాట్ అనబోయి నాలుక కరుచుకునేవాళ్ల కోసం బాట్, బ్రాట్, థాట్, టాట్, కాట్ అన్నీ ఒకే ఊపులో. కట్, పుట్, హిట్, లెట్ అయితే ఎప్పుడూ మారవు, వాటిని చూసి క్లాసంతా ఊపిరి పీల్చుకుంటుంది.

'వస్తాను'ని రెండుగా చీల్చడం

తెలుగువాడి ఇంగ్లీషులో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదేనని నా లెక్క. 'వస్తాను' ఒక్కటే మాట, ఇంగ్లీషులో మాత్రం రెండు. అందుకే "మై ఫాదర్ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్", "డైలీ ఐ విల్ గో టు జిమ్" అంటుంటారు.

దీనికి మందు రెండు మాటలు: రోజూ, రేపు. ప్రతి వాక్యంలోనూ ఆ రెండింటిలో ఏది పడుతుందో చూడమంటాను. "నాన్న ఐదింటికి లేస్తారు" అన్నప్పుడు మనసులో ఉన్నది రోజూ అయితే 'గెట్స్ అప్', రేపు అయితే 'విల్ గెట్ అప్'. రెండు చీటీలు రాసి ఇస్తాను, ఒకదాని మీద రోజూ, ఇంకోదాని మీద రేపు. నేను తెలుగు వాక్యం చెబుతాను, వాళ్లు చీటీ ఎత్తాలి. ఇంగ్లీషు తర్వాత. మూడు రోజులు చీటీలే ఎత్తించండి, విసుగొచ్చినా సరే.

క్లాసయ్యాక మెట్ల దగ్గర "ఓకే మేడమ్, ఐ విల్ కమ్" అని వెళ్లిపోతారు. 'వస్తాను మేడమ్' అన్నమాట. మనం వెళ్తూ వెళ్తూ 'వస్తాను' అనే మనుషులం. దాన్ని దిద్దాలంటే నాకు మనసొప్పదు గానీ, ఆఫీసులో బయటి దేశం వాళ్లతో అలా అంటే కుర్చీ వేసుకుని ఎదురుచూస్తారని మాత్రం చెబుతాను.

రేపటి సంగతుల్లో మిగతా రెండూ సుఖంగా కుదురుతాయి. 'రేపు వరంగల్ వెళ్తున్నాను' అంటే టికెట్ తీసుకున్నట్టే, ఐ యామ్ గోయింగ్. 'వెళ్లబోతున్నాను' అంటే ఐ యామ్ గోయింగ్ టు గో. ఇక్కడ తెలుగూ ఇంగ్లీషూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి ఐదు నిమిషాల్లో తేల్చేయొచ్చు.

ఒక్క తోక

హి, షి, ఇట్‌ల పక్కన 'ఎస్' ఎందుకు మరిచిపోతారంటే బద్ధకం వల్ల కాదు. తెలుగు క్రియకి మనిషి మనిషికీ ఒక తోక ఉంది: వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. ఇంగ్లీషు అన్ని తోకలూ కోసేసి ఒక్కటే ఉంచుకుంది, మన 'డు'కీ 'ది'కీ బదులుగా. ఇన్ని తోకలు మోసేవాళ్లకి ఒక్కటి ఎందుకు బరువు అని అడుగుతాను.

కానీ ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మనం నాన్నని 'వస్తాడు' అనం, 'వస్తారు' అంటాం. అందుకని "మై ఫాదర్ కమ్" అంటారు. కొందరు "అవర్ సార్, దే టోల్డ్" అని కూడా అంటారు. మర్యాద చేస్తున్నారు పాపం. ఇంగ్లీషు క్రియలో మర్యాద ఉండదు, ప్రైమ్ మినిస్టర్ అయినా 'హి కమ్స్' అని చెప్పాలి. ఒకసారి ఒక నర్సమ్మాయి, "డాక్టర్‌గారిని హి అంటే ఏమనుకుంటారో మేడమ్" అని చాలాసేపు మొహమాటపడింది. "పక్కన 'డాక్టర్' అని తగిలించుకో, మర్యాద అక్కడ తీరుతుంది" అన్నాను.

'డజ్' వస్తే ఆ తోక డజ్‌కే వెళ్తుంది: డజ్ హి కమ్? 'కమ్స్' కాదు. ఇదీ 'రాలేదు' కథే కాబట్టి మళ్లీ చెప్పను.

ఇంకొకటి, ఇది వ్యాకరణం కాదు, నాలుక సంగతి. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకి నిలవదు. అందుకే 'వర్క్స్' 'వర్క్సు' అవుతుంది, లేదంటే 'ఎస్' మొత్తం మాయమవుతుంది. రాసేటప్పుడు సరిగ్గా రాసి, మాట్లాడేటప్పుడు మింగేవాళ్లకి గ్రామర్ మళ్లీ చెప్పకండి, చివరి హల్లుని పలికించండి. 'ఈడీ' కూడా అంతే. మనవాళ్లు 'వర్కెడ్', 'కుకెడ్' అంటారు. గొంతు మీద చేయి పెట్టించి చూపిస్తాను. 'వర్క్', 'వాష్', 'స్టాప్' చివర గొంతు కదలదు, కాబట్టి 'వర్క్ట్', 'వాష్ట్', 'స్టాప్ట్'. 'ప్లే', 'కాల్' చివర గొంతు కదులుతుంది, 'ప్లేడ్', 'కాల్డ్'. చివర టీ గానీ డీ గానీ వినిపిస్తేనే విడిగా 'ఇడ్' పలకాలి: వాంటిడ్, నీడిడ్. ఒక్క సాయంత్రం చాలు దీనికి. గదిలో పదిమంది గొంతులు పట్టుకుని 'వాష్ట్, వాష్ట్' అంటుంటే కింద నుంచి టైలర్ అన్న పైకి తొంగి చూశాడొకసారి.

'వాజ్' ఎక్కడ దొరుకుతుంది

"వెన్ యు కాల్డ్, ఐ యామ్ ఈటింగ్." నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తింటున్నాను. పుస్తకం తెలుగులో 'తింటున్నాను' ఇప్పటికీ పనికొస్తుంది, అప్పటికీ పనికొస్తుంది. అందుకే 'వాజ్' రాదు.

ఇక్కడ చాలా ఏళ్లు తల బాదుకున్నాను. ఒకరోజు నల్గొండ నుంచి వచ్చిన క్యాబ్ తమ్ముడు ఎందుకు లేటైందో చెబుతూ, "నేను తింటుంటి మేడమ్, గప్పుడే బుకింగ్ వచ్చింది" అన్నాడు. తింటుంటి! ఐ వాజ్ ఈటింగ్! పిల్లలు ఆడుతుండె, వాడు పంటుండె. తెలంగాణ మాటలో 'వాజ్' ఎప్పటి నుంచో ఉంది. బడిలో 'అట్లా మాట్లాడకు' అని తీసేయించిన మాటే ఇప్పుడు నాకు పనికొచ్చింది. ఆ రోజు నుంచి బోర్డు మీద 'తింటున్నాను' పక్కన 'తింటుంటి' రాస్తున్నాను. చదువుకున్న పిల్లలు మొదట సిగ్గుపడతారు, తర్వాత వాళ్లే అమ్మమ్మ మాటలు గుర్తుచేసుకుని తెస్తారు.

కోస్తా నుంచి వచ్చినవాళ్లకి అది అలవాటు ఉండదు. వాళ్లకి హైదరాబాదే సాయం చేస్తుంది. రెండేళ్లు ఈ ఊళ్లో ఉంటే ఎంతో కొంత హిందీ వచ్చేస్తుంది. వో సో రహా హై, వో సో రహా థా. హై అంటే ఈజ్, థా అంటే వాజ్. పని అయిపోయింది.

'యూజ్డ్ టు'కి ఇంత కష్టం అక్కర్లేదు. "చిన్నప్పుడు చెరువులో ఈత కొట్టేవాణ్ణి." కొట్టేవాణ్ణి, యూజ్డ్ టు స్విమ్. ఒకటికి ఒకటి. ఈ జోడీని ఎవరూ చెప్పరెందుకో.

'ఇంకా', 'నిన్న'

చీరల షాపులో చేసే అమ్మాయి ఒకరోజు అడిగింది. కస్టమర్ ఒకావిడ మెరూన్ రంగు కావాలన్నదట. ఈ అమ్మాయి "ఈ రంగు రాలేదు మేడమ్" అని ఇంగ్లీషులో చెప్పాలి. "డిడ్ నాట్ కమ్" అనాలా, "హ్యాజ్ నాట్ కమ్" అనాలా?

తెలుగు ఆ రెంటినీ విడదీయదు. కాబట్టి విడదీసే మాటని మనం చేర్చాలి. 'ఇంకా రాలేదు' అనగలిగితే హ్యాజ్: ఇట్ హ్యాజ్‌న్ట్ కమ్ యెట్. 'నిన్న రాలేదు', 'మొన్న స్టాకులో రాలేదు' అయితే డిడ్. "ఇంకా రాలేదనే చెప్పాలి మేడమ్, లేకపోతే ఆవిడ వేరే షాపుకి పోతుంది" అంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కి ఇంతకన్నా మంచి నిర్వచనం నేను చదవలేదు. ఆ సంగతి ఇంకా మూసుకోలేదు, తలుపు తెరిచే ఉంది.

ఔనన్నప్పుడు కూడా ఇలాగే. 'ఇప్పుడే వచ్చాను', 'ఆల్రెడీ తినేశాను', 'గోల్కొండ ఎప్పుడైనా చూశారా?', ఇవన్నీ హ్యావ్ వైపు. తేదీగానీ, సంవత్సరంగానీ, 'పోయిన ఆదివారం'గానీ వస్తే హ్యావ్ పోతుంది. దీనికి మన ఊరి సంగతులే అభ్యాసం చేయిస్తాను. కులీ కుతుబ్ షా చార్మినార్‌ని 1591లో కట్టించాడు, బిల్ట్. మూసీ 1908లో ఊరిని ముంచింది, ఫ్లడెడ్. మెట్రో 2017లో మొదలైంది, స్టార్టెడ్. ఎక్కడా హ్యాజ్ లేదు. "మరి మీరు మెట్రో ఎక్కారా?" అంటే హ్యావ్. "ఎప్పుడు ఎక్కారు?" అంటే మళ్లీ డిడ్.

"తిన్నారా?" మాత్రం గొడవ పెట్టుకోను. హ్యావ్ యు ఈటెన్ అన్నా, అమెరికా వాళ్లలా డిడ్ యు ఈట్ అన్నా ఎవరి కడుపూ మాడదు.

తర్వాత 'నుంచి'. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్." మొదటి టీచర్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు నేనే అన్నాను ఈ మాట, ఉద్యోగం రాలేదు. అందుకని దీనికో కిటుకు వెతికాను. 'నుంచి' తీసి 'గా' పెట్టి చూడండి. 'రెండేళ్లుగా' అనొచ్చు, 'మూడు రోజులుగా' అనొచ్చు. అక్కడ ఫర్. '2022గా' అనలేం, 'సోమవారంగా' అనలేం, 'పొద్దుటిగా' అనలేం. అక్కడ సిన్స్. ఏది వచ్చినా 'యామ్' తీసేసి 'హ్యావ్ బీన్' పెట్టాలి: ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్.

నా క్లాసులో ఆడవాళ్లకి ఇది బస్సు మీద చెబుతాను. ఆర్టీసీ బస్సుల్లో మనకి ఫ్రీ ఎప్పటి నుంచి? 2023 డిసెంబర్ 9 నుంచి, సిన్స్. ఎన్నేళ్లుగా? ఫర్. బ్యాగులోంచి జీరో టికెట్ తీసి చూపించి మరీ చెబుతారు.

'నోయింగ్', 'హ్యావింగ్'

"ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్." ఇది తెలుగు వల్ల వచ్చిన తప్పు అంటారు, నేను ఒప్పుకోను. నాకు తెలుసు, నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు, నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు గుర్తుంది. వీటిలో ఎక్కడైనా 'తున్నా' ఉందా? 'నాకు ఇద్దరు అన్నలు ఉంటున్నారు' అంటామా? తెలుగులో 'తున్నా' పట్టని చోట ఇంగ్లీషులో 'ఇంగ్' పట్టదు. 'అర్థమవుతోంది' లాంటివి కొన్ని మోసం చేస్తాయి. వాటిని మాత్రం బట్టీ పట్టమంటాను: ఐ అండర్‌స్టాండ్.

పాస్ట్ పర్ఫెక్ట్ అడిగితే చెబుతాను, అడగకపోతే మూడో నెలలో. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అసలు చెప్పను. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా దాంతో పని పడలేదు. పరీక్ష రాసేవాళ్లుంటే చార్టు జిరాక్స్ ఇచ్చి పంపిస్తాను.

దిద్దడం గురించి. మాట్లాడుతుంటే ఆపకండి. ఒక్కసారి ఆపితే ఆ మనిషి ఆ వారమంతా నోరు తెరవడు. నేను చిన్న చీటీ మీద రాసి, క్లాసయ్యాక చేతిలో పెడతాను, ఒక రోజుకి ఒక తప్పే. పది తప్పులు చేసినా ఒక్కటే రాస్తాను. ఏది రాయాలన్నదే కష్టం. వినేవాడికి అర్థం మారిపోయే తప్పుని ఎంచుకుంటాను, 'విల్ డూ అగ్రికల్చర్' లాంటిది. 'ఎస్' మింగేస్తే మరుసటి వారం చూసుకోవచ్చు.

ఇంటి పనికి నోట్‌బుక్ లేదు. పడుకునే ముందు వాట్సాప్‌లో అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఆ రోజు చేసింది ఒకటి, చేయనిది ఒకటి, రేపటిది ఒకటి. చూసి చదవకూడదు, చదివితే తెలిసిపోతుంది. వెనకాల కుక్కర్ విజిల్, టీవీ సీరియల్ వినిపిస్తే మంచిదే.

మొన్న రాత్రి పదకొండింటికి క్యాబ్ తమ్ముడి దగ్గర నుంచి వచ్చింది. "మేడమ్, వెన్ యు కాల్డ్, ఐ వాజ్ డ్రైవింగ్. ఐ డిడ్ నాట్ సీ ద ఫోన్. ఐ హ్యావ్ డ్రాప్డ్ ద కస్టమర్ ఎట్ శంషాబాద్ జస్ట్ నౌ ఓన్లీ." డ్రాప్డ్‌ని 'డ్రాప్ట్' అనే పలికాడు, రెండుసార్లు విన్నాను. ఆ 'ఓన్లీ' మన 'ఇప్పుడే'లో ఉన్న 'ఏ'. దానికి చీటీ రాయలేదు.